స్ప్లిట్‌లో మకాం: ప్యాలెస్ గోడల లోపలా, బయటా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే ఊరి గురించి, క్రొయేషియాలో ఏడ్రియాటిక్ ఒడ్డున ఉన్న స్ప్లిట్ గురించి. అడిగింది కూడా దాదాపు ఒకటే, ఎక్కడ దిగాలి అని. అందుకే మిగతావి పక్కన పెట్టి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: వచ్చే జూన్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్తున్నాం, స్ప్లిట్‌లో నాలుగు రాత్రులు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి రాత్రి పదింటికల్లా నిద్ర పట్టాలి. నెట్‌లో చూస్తే అందరూ డయోక్లీషియన్ ప్యాలెస్ లోపలే ఉండమంటున్నారు, మా తమ్ముడేమో బీచ్ పక్కన తీస్కో అంటున్నాడు. ఏది బుక్ చెయ్యాలి?

జవాబు: నెట్ మాట వినకండి, మీ తమ్ముడి మాట సగం వినండి. మీ అమ్మగారికి ప్యాలెస్ లోపల గది మాత్రం వద్దే వద్దు.

ఎందుకో చెప్తా. ప్యాలెస్ అనగానే టికెట్ కొనుక్కుని చూసొచ్చే కట్టడం అనుకుంటాం కదా, ఇది అలాంటిది కాదు, ఇది ఊరు. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ గద్దె దిగాక ఉండటానికని క్రీ.శ. 305 ప్రాంతంలో కట్టించుకున్నాడు, సుమారు 215 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు. ఆయన పోయిన మూడొందల ఏళ్లకి, 7వ శతాబ్దంలో, పక్కనే ఉన్న సలోనా నగరం మీద దాడులు జరిగితే అక్కడి జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయొచ్చి ఈ గోడల మధ్య తలదాచుకున్నారు. ఇక వెనక్కి వెళ్లలేదు. హాళ్లకి అడ్డగోడలు లేపారు, స్తంభాల మధ్య ఖాళీల్లో రాళ్లు పేర్చి ఇళ్లు చేస్కున్నారు, చక్రవర్తి సమాధిని చర్చి చేసేశారు. అదే ఇవాళ్టి సెయింట్ డోమ్నియస్ కథీడ్రల్, క్రైస్తవుల్ని వెంటాడి చంపించిన మనిషి సమాధిలో ఆయన హయాంలోనే చంపేసిన బిషప్ పేరు మీద ప్రార్థనలు, కాలం చేసే చిత్రాలు ఇలాగే ఉంటాయి మరి. అలా పదమూడు వందల ఏళ్లుగా ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకుంటూ పోయిన ఇళ్లే ఇప్పుడు మీకు ఫోన్‌లో కనిపిస్తున్న అపార్ట్‌మెంట్లు. కాబట్టి లిఫ్ట్ అనేది దాదాపు ఉండదు, మెట్లు ఇరుకు, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు, కిటికీ తీస్తే ఎదురింటి బట్టల తీగ చేతికందుతుంది. కింద వీధిలో పరిచిన సున్నపురాయి పలకలు జనం నడిచి నడిచి అద్దంలా అరిగిపోయాయి, చినుకు పడితే చెప్పులతో నడవటం సర్కస్సే.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఎగబడి లోపలే తీసుకున్నా. మూడో అంతస్తు. సూట్‌కేసు రెండు చేతుల్తో పొట్టకి ఆనించుకుని ఎక్కాను, పక్కన పెట్టుకుంటే గోడకి తగుల్తుంది, అంత ఇరుకు. గది బ్రహ్మాండంగా ఉంది, మంచం తలవైపు గోడలో సగం రోమన్ స్తంభం, దాన్ని ముట్టుకుని నిద్రపోదాం అనుకున్నా. ఎక్కడ నిద్ర? కింద బార్. రాత్రి రెండింటికి కట్టేశారు, హమ్మయ్య అనుకునేలోపు ఇనప కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చే చప్పుడు, అది అయ్యాక రోజంతా పోగైన ఖాళీ సీసాలన్నీ ఒక్కసారి డబ్బాలో గుమ్మరించే చప్పుడు. రాతి సందుల్లో చప్పుడు ఎటూ పోదండి, గోడ నుంచి గోడకి కొట్టుకుని పైకే వస్తుంది. తెల్లారుతుండగా కథీడ్రల్ గంటలు. మీ నాన్నగారు ఊహించుకోండి.

మరి ఎక్కడ అంటే, ప్యాలెస్‌కి తూర్పు వైపు, గోడ బయట. తూర్పు గుమ్మాన్ని సిల్వర్ గేట్ అంటారు, అది దాటగానే పజార్, అంటే పొద్దున్నే నడిచే కూరగాయల మార్కెట్. ఆ వెనకున్న లూచాట్స్, కొంచెం ఉత్తరంగా మనుష్, ఈ రెండు పేటల్లో చూడండి. మామూలు ఇళ్ల పేటలు, రాత్రి త్వరగా సద్దుమణుగుతాయి, కోట లోపలికి అయిదు పది నిమిషాల నడక. ఇంకో లాభం ఏంటంటే బస్ స్టాండు, రైల్వే స్టేషను, ఫెర్రీలు ఆగే ఓడరేవు మూడూ ఒకే వరసలో పక్కపక్కనే ఉంటాయి, అవి కూడా ఇటువైపే, అంటే అమ్మగారిని ఎక్కువ నడిపించకుండా బ్రాచ్ దీవికో దేనికో తీసుకెళ్లి రావచ్చు, బ్రాచ్‌లోని సుపెతార్‌కి కార్ ఫెర్రీ సుమారు 50 నిమిషాలు.

బుక్ చేసేటప్పుడు కొన్ని క్రొయేషియన్ మాటలు తెలిస్తే బోలెడు బాధ తప్పుతుంది. ప్రిజెమ్ల్యే అంటే గ్రౌండ్ ఫ్లోర్. విసోకో ప్రిజెమ్ల్యే అని ఉంటే మోసపోకండి, అదీ గ్రౌండ్ ఫ్లోరే అంటారు గానీ ముందు అర వరస మెట్లు ఎక్కాలి. సుతెరెన్ అంటే సగం నేలమాళిగ. పొత్‌క్రోవ్ల్యే అంటే పైకప్పు కింది అటక గది, ఫోటోలో దూలాలు భలే అందంగా ఉంటాయి, జూన్‌లో మాత్రం పెనం మీద పడుకున్నట్టే. ఏది తీసుకున్నా ఇంటివాళ్లకి మెసేజ్ పెట్టి వీధి గుమ్మం నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు అని అడగండి. ఏ అంతస్తు అని కాదు, ఎన్ని మెట్లు అని. అంకె చెప్తే నమ్మండి, కొంచెమే అంటే వదిలేయండి.

ప్రశ్న: మాకు పెళ్లయి ఆర్నెల్లయింది, ఇద్దరమే వెళ్తున్నాం. వరోష్ అనే పాత పేట చాలా బాగుంటుందని విన్నాం, ప్యాలెస్ కంటే అదే నయమా? ఒక్క రాత్రి అయినా ప్యాలెస్ లోపల ఉండాలని మా ఆవిడ కోరిక.

జవాబు: ఆవిడ కోరిక న్యాయమైందే. పైన అంత తిట్టాను గానీ రాత్రి పన్నెండు తర్వాత పెరిస్టిల్‌లో కూర్చోవడం అనేది ఒకటుంది. పెరిస్టిల్ అంటే ప్యాలెస్ నడిబొడ్డున స్తంభాల మధ్య దీర్ఘచతురస్రపు ఆవరణ, చుట్టూ మెట్లు. పగలంతా గొడుగు పట్టుకున్న గైడ్లూ వాళ్ల వెనక గుంపులే. ఆ టైముకి మాత్రం మెట్లు ఖాళీ అవుతాయి, ఎండకి కాగిన రాయి ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది, పక్కన ఈజిప్టు నుంచి తెప్పించిన నల్ల స్ఫింక్స్ (సింహం ఒంటికి మనిషి తల ఉన్న రాతి శిల్పం), డయోక్లీషియన్‌కే అది పాతకాలపు వస్తువు, ఆయన పుట్టేసరికి దానికి పదిహేను వందల ఏళ్లు దాటాయి. అక్కణ్ణించి రెండు నిమిషాల్లో మీ గది తలుపు తీస్కోవడం అంటే ఆ ఒక్క రాత్రికీ డబ్బు దండగ కాదు. కాకపోతే శుక్ర శనివారాలు వద్దు, కింద బార్ గానీ కోనోబా గానీ ఉందా అని రివ్యూల్లో చూస్కోండి. కోనోబా అంటే అక్కడి భోజనశాల, అది త్వరగా కట్టేస్తారు కాబట్టి కొంత నయం. వీధి వైపు కాకుండా లోపలి వాకిలి వైపు తెరుచుకునే గది అడగండి.

మిగతా రాత్రులకి వరోష్, కళ్లు మూసుకుని తీస్కోండి. ప్యాలెస్‌కి పడమర వైపు, మర్యాన్ కొండ పాదాన ఉంటుంది, ఒకప్పుడు జాలర్లూ రైతులూ ఉన్న పేట. పచ్చ తలుపులూ రాతి ఇళ్లూ, గుమ్మం ముందు తొట్లలో తులసిలాంటి ఆకు, దానిమీద ఎండలో పడుకున్న పిల్లి. కారు పట్టదు, అందుకే ప్రశాంతం. పై వరసలో దొరికితే కిటికీలోంచి ఓడరేవు మొత్తం కనిపిస్తుంది. మెట్లు మాత్రం ఉన్నాయి, చాలా ఉన్నాయి, టాక్సీ కింద రోడ్డు మీదే దింపేస్తుంది, అక్కణ్ణించి పెట్టె మీ నెత్తినే. చక్రాల పెట్టె వదిలేసి వీపు సంచులతో వెళ్లండి, రాతి మెట్ల మీద చక్రాలు టకటకలాడితే పేటలో అవ్వలు కిటికీలోంచి తొంగి చూసే చూపు ఉంటుంది చూడండి, నేను రెండుసార్లు తిన్నా ఆ చూపు. పొద్దున్న లేచి మర్యాన్ మీదికి నడవండి, పైన్ చెట్ల మధ్య దారి, మొదటి మలుపులోనే విదిలిత్స అనే చోట ఊరు మొత్తం కనిపిస్తుంది, వీలైతే ఎండ ఎక్కకముందే.

జూలైలో మీరు వెళ్తుంటే ఒక మాట, అల్ట్రా యూరప్ అనే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ పండగ ఆ నెలలోనే పెడతారు, ఆ వారాంతం గది దొరకదు, దొరికినా ధర చెప్తే మీరే ఫోన్ పెట్టేస్తారు. తేదీలు చూసుకుని అటో ఇటో జరగండి.

ప్రశ్న: ఇద్దరు పిల్లలు, ఆరేళ్లూ పదేళ్లూ. మేం శాకాహారులం. బీచ్ దగ్గర, వంటిల్లు ఉన్నది కావాలి. బస్ స్టాండులో ఆడవాళ్లు బోర్డులు పట్టుకుని గదులిస్తాం అంటారట, అవి నమ్మొచ్చా? వీసాకి ముందే బుకింగ్ చూపించాలా?

జవాబు: పిల్లలుంటే బాచ్విత్సె. పాతూరి నుంచి తూర్పుగా పది పదిహేను నిమిషాల నడక, ఇసక బీచ్. ఈ తీరంలో ఎక్కడ చూసినా గులకరాళ్లూ బండలే గానీ ఇసక అరుదు, పైగా ఇక్కడ లోపలికి చాలా దూరం పోయినా నీళ్లు నడుం దాటవు. సాయంత్రం ఊరివాళ్లు పిత్సిగిన్ ఆడుతుంటారు, చీలమండ లోతు నీళ్లలో గుండ్రంగా నిలబడి చిన్న బంతిని అరచేత్తో కొట్టుకుంటూ నీళ్లలో పడనీకుండా ఉండాలి, దాని కోసం పెద్ద పెద్ద మీసాలాయనలు కూడా గాల్లోకి ఎగిరి బోర్లా పడుతుంటారు. గెలుపోటములు లేవు, లెక్క లేదు. మీ పదేళ్లవాడు ఇక గదికి రాడు. అయితే బీచ్‌కి ఆనుకునే తీస్కోకండి, అక్కడే రాత్రి క్లబ్బులు కూడా, రెండు మూడు వీధులు వెనక్కి రండి చాలు. ఇంకా తూర్పున ఝ్న్యాన్ అని ఇంకో బీచ్ ఉంది, అటు లిఫ్టున్న కొత్త బిల్డింగులు దొరుకుతాయి గానీ ప్యాలెస్‌కి ప్రతిసారీ బస్సెక్కాలి, నాకైతే స్ప్లిట్ దాకా పోయి బస్సులో కూర్చోవడం నచ్చదు.

వంటిల్లు ఉంటే మీకు ఢోకా లేదు. పొద్దున్న పజార్‌లో టమాటాలూ వంకాయలూ అత్తి పళ్లూ, బ్లిత్వ అనే ఆకుకూర కట్టలు. మన పాలకూరకి దూరపు చుట్టంలా ఉంటుంది, బంగాళాదుంప వేసి ఆలివ్ నూనెలో వండుతారు, మీరు పోపు పెట్టుకోవచ్చు ఎవరూ కాదనరు. అదే ఆకు లోపల పెట్టి నిప్పుల్లో కాల్చే సోపార్నిక్ అనే పల్చటి రొట్టె కూడా మాంసం లేనిదే. కుళాయి నీళ్లు తాగొచ్చు, ఊరికి నీళ్లు యాద్రో నది నుంచి వస్తాయి, డయోక్లీషియన్ కాలవ తవ్వించి ప్యాలెస్‌కి నీళ్లు తెచ్చుకుంది కూడా అక్కణ్ణించే.

బోర్డుల వాళ్ల సంగతి: సోబె అంటే గదులు, వాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. కానీ చట్ట ప్రకారం నడిపే ఇంటికి గుమ్మం పక్కన నీలం రంగు పలక ఉంటుంది, అది చూశాకే డబ్బులివ్వండి. మీ పాస్‌పోర్టులు అడిగితే కంగారు పడకండి, వచ్చిన అతిథుల పేర్లు ఒక రోజులోగా ప్రభుత్వ సిస్టమ్‌లో ఎక్కించాలని వాళ్లకి రూల్, అసలు అడక్కపోతేనే అనుమానించాలి. టూరిస్టు పన్ను గది అద్దెలో కలిపారా విడిగానా అడగండి, 12 ఏళ్ల లోపు పిల్లలకి అది ఉండదు. పిల్లలతో ఎండలో పెట్టెలు పట్టుకుని బేరమాడ్డం ఎందుకండీ, ముందే బుక్ చేస్కోండి, పైగా వీసాకి ఎలాగూ కావాలి. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరింది, అంటే మీకు షెంగెన్ వీసా, దాంతోపాటు ప్రతి రాత్రీ ఎక్కడ ఉంటారో చూపించాలి, క్యాన్సిల్ చేస్కోగలిగిన బుకింగ్ అయితే నిశ్చింత. అదే రోజు నుంచి డబ్బు కూడా యూరో అయింది, కూనాల్లో రేట్లు చెప్పే రాతలు కనిపిస్తే అవి అంతకు ముందువి, వాటిలోని ధరలు నమ్ముకుని బడ్జెట్ వేస్కోకండి.

ప్రశ్న: మాకు పొద్దున్న ఆరున్నరకి ఫ్లైట్. కారు కూడా అద్దెకు తీసుకుంటున్నాం. చివరి రాత్రి ఎక్కడ?

జవాబు: ట్రోగిర్‌లో. స్ప్లిట్ ఎయిర్‌పోర్టు పేరుకే స్ప్లిట్, ఊరికి దాదాపు 25 కిలోమీటర్ల దూరం, కాష్టెల అనే ఊరి దగ్గర ఉంది, ట్రోగిర్‌కైతే పక్కనే. వేసవిలో ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌ని నమ్మి పడుకుంటే ఫ్లైట్ మిమ్మల్ని వదిలి ఎగిరిపోతుంది. ట్రోగిర్ పాతూరు బుల్లి దీవి, ఇటు వంతెన దాటితే ప్రధాన భూభాగం, అటు వంతెన దాటితే చియోవో దీవి, 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, ఒక సాయంత్రానికి సరిగ్గా సరిపోతుంది. గది దీవిలో వద్దు, వంతెనకి ఇవతల పార్కింగ్ ఉన్నది తీస్కోండి. కారు కూడా స్ప్లిట్ వదిలే రోజే తీస్కోండి, పాతూళ్లోకి కార్లు రానివ్వరు, మిగతా రోజులు దానికి చోటు వెతకడానికే సరిపోతుంది.