యుద్ధం గేములంటే కుర్రాళ్ళకు ఎందుకంత మోజు?

బరంపురంలో సాయంత్రమైతే అరుగుల మీద కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని తెలుగూ ఒడియా కలిపి అరుస్తుంటారు, ఆ యుద్ధం గేముల్లో ఏముందని ఎవరైనా అడగొచ్చు. నన్నడిగితే సగం ఆకర్షణ జట్టులోనే ఉంది. నలుగురూ కలిసి దిగుతారు. ఒకడు దెబ్బ తిని పాకుతుంటే, "ఆగరా, వస్తున్నా" అంటూ ఇంకొకడు తూటాల మధ్య నుంచి వచ్చి లేపుతాడు. చుట్టూ సేఫ్ జోన్, అంటే ప్రాణాలతో ఉండగలిగే వలయం, కుంచించుకుపోతుంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు!

1980లో వచ్చిన అటారీ కంపెనీ గేము బ్యాటిల్‌జోన్‌లో ట్యాంకులంటే ఉత్త గీతలే. అయినా అమెరికా సైన్యం శిక్షణ కోసమని దానికి ప్రత్యేక రూపం చేయించుకుంది. 2002లో అదే సైన్యం కుర్రాళ్ళను చేర్చుకోవడానికి అమెరికాస్ ఆర్మీ అనే గేమును ఉచితంగా ఇచ్చింది. ఆట వెనుక ఇలాంటి ఉద్దేశాలుంటాయని పిల్లలకు తప్పకుండా చెప్పాలి. 2003లో కాల్ ఆఫ్ డ్యూటీ అనే గేము రెండో ప్రపంచ యుద్ధాన్ని సైనికుడి కళ్ళతో చూపించింది.

మన వీధుల్లోకి మాత్రం 2018లో పబ్జీ మొబైల్‌తోనే వచ్చింది ఈ ఊపు. ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు, చేతిలో ఫోనుంటే చాలు. 2020 సెప్టెంబరులో దాన్ని నిషేధించారు, మరుసటి ఏడాది దాని భారతీయ రూపం బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వచ్చింది. పైగా పక్కనే గోపాలపూర్‌లో సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, యూనిఫాం మీద మక్కువ మా పిల్లలకు కొత్తేం కాదు.