ఏడాదైనా చదవడం రాని శరణార్థి పాప: కొత్త భాష వల్లనా, డిస్లెక్సియా వల్లనా?

తొమ్మిదేళ్ల శరణార్థి పాప బడిలో చేరి ఏడాది దాటినా ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటోంది, ఇది భాష రాకా, అభ్యసన వైకల్యమా అని అడిగారు. ముందు చెవులు, కళ్లు పరీక్ష చేయించండి. ఆ తర్వాత పాప సొంత భాషలో ఏం చేయగలదో చూడండి. డిస్లెక్సియా, అంటే అక్షరాల్ని శబ్దాలతో జతచేసి చదవడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం, ఒక్క భాషలోనే ఉండిపోదు. ఇంటి భాషలో కథ వరసగా చెబుతూ, పదంలో మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగులుతుందో పట్టుకోగలిగితే, కారణం చాలావరకు కొత్త భాషో, మధ్యలో పోయిన చదువో. అక్కడా తడబడితే అనుమానించాల్సిందే.

ఆటల్లో గలగలా మాట్లాడుతోందని భాష వచ్చేసిందనుకోకండి. మాట్లాడే భాష రెండేళ్లలో అబ్బినా, పాఠాల భాష పట్టుబడటానికి సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. తప్పుల్ని కూడా లిపిని బట్టి చూడాలి. అరబిక్ లిపిలో చదువు మొదలుపెట్టిన పిల్లలు తొలినాళ్లలో అచ్చులు వదిలేయడం మామూలే, ఆ లిపిలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు.

తల్లిదండ్రులతో కూర్చుని ఏ వయసులో ఎక్కడున్నారు, ఎన్ని నెలలు బడి నడిచింది, ఏ భాషలో నడిచింది అని ఒక పట్టిక రాసుకోండి. తొలి మాటలు ఎప్పుడొచ్చాయి, తలకు దెబ్బ తగిలిందా, ఫిట్స్ వచ్చాయా, తోబుట్టువులు ఆ వయసులో ఎలా ఉండేవారు అన్నవీ అడగండి. ఈ వివరాలు ఎవరెవరు చూస్తారో మొదటే చెప్పండి. ఆశ్రయం కాగితాలకు ఎక్కడ అడ్డొస్తుందోనన్న భయంతో చాలామంది నోరు విప్పరు. అనువాదానికి అక్కనో అన్ననో కూర్చోబెట్టవద్దు. వచ్చిన దుబాసీకి ఒక్క మాట గట్టిగా చెప్పాలి: పాప వాక్యం విరిగితే విరిగినట్టే చెప్పాలి, సరిదిద్దకూడదు. సరిదిద్దితే మనం వెతుకుతున్న ఆధారమే పోతుంది.

నిద్రలేమి, చప్పుడుకు ఉలికిపాటు, మతిమరుపు, పాప చూసిన ఘోరాలు మనసుకు చేసిన గాయం వల్లా రావచ్చు. వీటిని ఏకాగ్రత లోపమని తొందరపడి రాసేయకండి.

ఐక్యూ పరీక్షల ప్రమాణాలు ఇలాంటి పిల్లల మీద కట్టినవి కావు. దానికన్నా నేర్పి చూడటం నయం. వారానికి నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలు, ఒకసారికి నాలుగైదు అక్షర శబ్దాలు, ఎనిమిది వారాలు. వారం వారం ఎన్ని నిలిచాయో రాయండి. అదే భాష, అంతే చదువు పోయిన పిల్లలతోనే పోల్చండి. వాళ్లు ముందుకు వెళ్లి పాప అక్కడే ఆగితే, ఆ లెక్కతో నిపుణుల దగ్గరికి పంపండి.

‘ముందు భాష రానివ్వండి, తర్వాత చూద్దాం’ అని బడి వాళ్లంటే ఒప్పుకోవద్దు. తొందరపడి ముద్ర వేయడం ఎంత తప్పో, ఇలా ఏళ్లు గడపడమూ అంతే తప్పు. ఒకసారికి ఒకే సూచన, బొమ్మలు, ఇంటి భాషలో వివరణ, అదనపు సమయం రేపటి నుంచే ఇవ్వొచ్చు, వీటికి నిర్ధారణ అక్కర్లేదు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక 24వ అధికరణ వివక్ష లేని విద్యను హక్కుగా చెబుతుంది, ఆ మాట గుర్తుచేయండి.

ఈ కుటుంబాలు ఎప్పుడు ఊరు మారాల్సొస్తుందో తెలియదు. ఏం ప్రయత్నించారు, ఏది పనిచేసింది అన్నది ఒక్క పేజీలో రాసి, ఇంటి భాషలో ఒక ప్రతి తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి. లేకపోతే కొత్త బడిలో అంతా మళ్లీ మొదటి నుంచే.