టెక్ సందేహాలు: చిన్న ఫ్రేమ్ సైకిల్‌కి ఏ బాటిల్ కేజ్ కొనాలి?

ప్రశ్న: నా ఎత్తు ఐదడుగులు, సైకిల్ ఎక్స్‌ఎస్, అంటే బాగా చిన్న సైజు. బాటిల్ పెట్టుకునే కేజ్ (ఫ్రేమ్‌కి బిగించే పట్టీ) కొనాలనుకుంటున్నా. డౌన్ ట్యూబ్‌కి (హ్యాండిల్ దగ్గర్నుంచి పెడల్స్ వైపు ఏటవాలుగా దిగే గొట్టం), సీట్ ట్యూబ్‌కి (సీటు కింద నిలువు గొట్టం) రెండింటికీ బోల్టులున్నాయి కానీ, సీట్ ట్యూబ్ మీద 750 ఎంఎల్ బాటిల్ పెడితే పైన అడ్డంగా ఉండే టాప్ ట్యూబ్‌కి తగిలి బయటికి రావట్లేదు. ఎలాంటి కేజ్ కొనాలి?

జవాబు: పక్క నుంచి తీసే కేజ్, అంటే సైడ్ ఎంట్రీ రకం కొనండి. మామూలు కేజ్‌లో బాటిల్‌ని నిలువుగా పైకి లాగాలి కాబట్టి దాని పైన ఇంకొంచెం ఖాళీ కావాలి, చిన్న ఫ్రేమ్‌లో లేనిదే అది. సైడ్ ఎంట్రీలో బాటిల్ పట్టేంత చోటుంటే చాలు, పక్కకి వంచి లాగేయొచ్చు. మీరు ఏ చేత్తో నీళ్లు తాగుతారో అటువైపు తెరుచుకునేది తీసుకోండి. రెండు కేజ్‌లూ ఒకే వైపుకుంటే రోడ్డు మీద తడుముకోనక్కర్లేదు.

కేజ్ ఆర్డర్ చేసేముందు టేపు పట్టుకుని కింది బోల్టు నుంచి టాప్ ట్యూబ్ దాకా కొలవండి. 500 ఎంఎల్ సైక్లింగ్ బాటిల్ ఎత్తు సుమారు 19 సెంటీమీటర్లు, 750ది దాదాపు 25. మామూలుగా డౌన్ ట్యూబ్ మీద పెద్దది, సీట్ ట్యూబ్ మీద చిన్నది పెడితే సరిపోతుంది, అయినా రెండూ ఒకదానికొకటి గుద్దుకుంటాయేమో ఖాళీ బాటిళ్లు చేత్తో పట్టుకుని చూసుకోండి. ఇంకా ఒక సెంటీమీటరో రెండో తక్కువైతే, కేజ్‌ని కిందికి జరిపే అడాప్టర్ పట్టీలు దొరుకుతాయి. కాకపోతే సీట్ ట్యూబ్ మీద బాగా కిందికి దించితే ముందు గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే క్లాంప్ అడ్డు రావచ్చు, అది చూసుకోవాలి.

బోల్టుల సంగతి టెన్షన్ వద్దు, దాదాపు అన్ని సైకిళ్లకీ ఎం5 (5 మిల్లీమీటర్ల మందం) బోల్టులే, రెండు బోల్టుల మధ్య దూరం 64 మిల్లీమీటర్లే. బిగించేటప్పుడు మాత్రం బలమంతా చూపించకండి, ఫ్రేమ్‌లోపలి నట్టు పట్టు వదిలేసి గిర్రున తిరిగితే దాన్ని సరిచేయడం పెద్ద తలనొప్పి. అడాప్టర్ వేస్తే దాని మందానికి తగ్గట్టు పొడవు బోల్టులు కావాలి, పాత బోల్టులు రెండు మూడు మరలే ఎక్కుతుంటే వాటిని వాడకండి. అల్యూమినియం కేజ్ బాటిల్ మీద నల్లటి గీతలు పెడుతుంది, అది ఇష్టం లేకపోతే గట్టి ప్లాస్టిక్‌ది చాలు, కార్బన్‌కి డబ్బు పోయనక్కర్లేదు.

ఫ్రేమ్ చిన్నదని ఒక్క బాటిల్‌తో సర్దుకుపోవద్దు. ఏప్రిల్, మే ఎండల్లో గంటకి అర లీటరుకి పైనే తాగాల్సి వస్తుంది.

ప్రశ్న: షాపులో కొనే లీటరు వాటర్ బాటిల్ ఇందులో పడుతుందా?

జవాబు: వద్దు. కేజ్‌లు సుమారు 74 మిల్లీమీటర్ల వ్యాసమున్న సైక్లింగ్ బాటిళ్ల కోసం చేసినవి, వాటి మెడ దగ్గరుండే గాడిలో కేజ్ కొక్కెం పట్టుకుంటుంది. షాపు బాటిల్‌కి ఆ గాడి ఉండదు, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరిపడుతుంది. పైగా అంత ఎత్తు బాటిల్ ఎక్స్‌ఎస్ ఫ్రేమ్‌లో పట్టదు. దారిలో కొనుక్కున్నా నీళ్లు మీ బాటిల్‌లో పోసుకోండి.