‘తాగాడు’ అనకుండా తాగాడని చెప్పడం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘టైర్డ్ అండ్ ఎమోషనల్’ (మాటకు మాటగా ‘అలసి, ఉద్వేగంగా’) అన్న బ్రిటిష్ నుడికారాన్ని ‘మంత్రి పూటుగా తాగి ఉన్నాడు’ అని తెలుగు చేశావు. అర్థం వచ్చింది కానీ నుడికారం పోయింది. ఆ మాట పుట్టిందే ‘తాగాడు’ అనకుండా ఉండటానికి.

ఎందుకు అనకూడదో పాఠకుడికి ముందే చెప్పు. ఇంగ్లండులో పరువునష్టం దావా పడితే, రాసింది నిజమని రుజువు చేసుకోవాల్సింది రాసినవాడే. పార్లమెంటులోనూ తోటి సభ్యుడు తాగొచ్చాడని అనకూడదు. 1983లో క్లేర్ షార్ట్ అనే సభ్యురాలు, మంత్రి అలన్ క్లార్క్ వాలకం చూసి ‘ఇన్‌కేపబుల్’ (పని చెయ్యలేని స్థితిలో ఉన్నాడు) అని మాత్రమే అంది. ఆ ఒక్క మాటకే సభలో దుమారం రేగింది.

ఆ నుడికారం పుట్టుక దగ్గర ఏడాది సరిచెయ్యి. 1967లో ప్రైవేట్ ఐ అనే వ్యంగ్య పత్రిక, అప్పటి విదేశాంగ మంత్రి జార్జ్ బ్రౌన్ గురించి ఒక ఉత్తుత్తి మెమో అచ్చేసింది. ఆయన తాగి ఉన్న పరిస్థితిని ఏ భాషలో ఏమని చెప్పాలో అందులో ఉంటుంది. నువ్వు రాసిన 1963 వేరే సంగతి. కెన్నెడీ హత్య జరిగిన రాత్రి బ్రౌన్ తాగి టీవీలో మాట్లాడి అభాసుపాలయ్యాడు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు.

ఇక అనువాదం. ఆ రెండు మాటలూ రెండు లక్షణాలను కప్పుతాయి. వాలిపోయే కళ్లకూ, తడబడే నాలుకకూ ‘అలసట’. అరుపులకూ, ఏడుపుకూ ‘ఉద్వేగం’. ఒకటి తీసేస్తే సగం మనిషే కనిపిస్తాడు. మన ‘ఒంట్లో నలతగా ఉంది’ దగ్గరిదే, కానీ అది మొదటి సగాన్నే కప్పుతుంది. ‘చుక్కేసుకున్నాడు’ అసలు పనికిరాదు, అది గుట్టు విప్పేస్తుంది. నేనైతే ‘మంత్రిగారు బాగా అలసిపోయి, కాస్త ఉద్వేగంగా ఉన్నారు’ అంటాను. ‘గారు’, ‘ఉన్నారు’ తప్పకుండా ఉంచు. ఆ మర్యాదే ముసుగు. ఏకవచనంలో రాస్తే పాఠకుడు నిజంగానే అలసట అనుకుంటాడు. ఆ వాక్యం పక్కన ఆశ్చర్యార్థకం పెట్టకు, కొటేషన్ గుర్తులూ వద్దు.

చివరి పేరాలో బ్రౌన్ విందులో పెరూ ఆర్చిబిషప్‌ను నాట్యానికి పిలిచాడని రాశావు. ఆ కథ ఊరంతా తిరుగుతుంది కానీ ఆధారం లేదు. కొట్టెయ్యి. ఆ జాగాలో 1968 మార్చిలో ఆయన రాజీనామా చేసిన సంగతి ఒక్క వాక్యంలో పెట్టి, తిరిగి పంపు.