బాట మూస్తే మూడు రూపాయల వడ్డీకి పోతారా?

పరకాల దగ్గరి పల్లె నుంచి ఒకాయన రాశారు. 1994లో వాళ్ల నాన్న, పెదనాన్న పొత్తు భూమి పంచుకున్నారు. వీళ్ల మూడెకరాలకు పెదనాన్న వాటాలోంచి పోయే బండ్ల బాట ఒక్కటే దారి. మొన్న జూన్‌లో పెదనాన్న కొడుకు కడీలు పాతి ముళ్లతీగ చుట్టాడు. ఇప్పుడు పత్తి మూటలు ఒడ్ల మీద నెత్తిన మోస్తున్నారు. అవతలి రైతు బాట కోసం నాలుగు గుంటల పట్టీ నాలుగు లక్షలకు ఇస్తానన్నాడట. ఆ డబ్బు మూడు రూపాయల వడ్డీకి తేవచ్చా అని అడుగుతున్నారు.

వద్దు. వడ్డీయే నెలకు 12 వేలు, ఏడాదికి లక్షా 44 వేలు. మూడెకరాల పత్తి మీద అంత మిగిలిన ఏడాది ఒక్కటి చెప్పండి.

పైగా ఉన్న హక్కునే అప్పు చేసి కొంటున్నారు. ఒకే భూమి పంచుకున్నప్పుడు వేరే దారి లేని వాటాకు బాట హక్కు చట్టమే ఇస్తుంది. అవతలి పట్టీ కొన్నారో, 'దారి లేదు' అన్న మాటే చెల్లదు. 20 ఏళ్లకు పైగా హక్కుగా నడిచిన బాట అన్న వాదన ఇంకోటి ఉంది. దాన్నీ చెడగొట్టుకోకండి. అడ్డం పెట్టాక ఏడాది ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. 'మీ దయతో నడుస్తున్నాం' అని ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. అది హక్కు కాదు, అనుమతి అవుతుంది. అనుమతిని ఇచ్చినవాడు వెనక్కి తీసుకోవచ్చు.

పంపకాల కాగితం, ఊరి నక్షా, బాట ఫొటోలు, ఇద్దరు పెద్దమనుషుల సాక్ష్యం సిద్ధం చేసుకొని సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే అడ్డం తీయమనే ఆదేశం, అడగండి. లాయర్ ఫీజుకని టెన్షన్ పడ్డారు గానీ, పట్టా మీ అమ్మగారి పేరునే ఉందని మీరే రాశారు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆమె చేతనే దరఖాస్తు పెట్టించండి.

అసలు నాకు కోపం తెప్పించింది మీ చివరి వాక్యం: 'చేతిలో తొమ్మిది వేలున్నాయి'. తొమ్మిది వేలతో సేద్యమా! ఈరోజు బాట, రేపు మోటరు కాలుతుంది, ఎల్లుండి ఆస్పత్రి. ప్రతిసారీ అదే వడ్డీ వ్యాపారి గడప తొక్కుతారా? ఏనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన డబ్బు ఇంటికి రాకముందే ఆరు నెలల ఇంటి ఖర్చు, ఒక పంట పెట్టుబడి పక్కన పెట్టడం మొదలుపెట్టండి. అది ఒక్క పంటతో కాకపోతే మూడు పంటలు పట్టనీ. పొదుపు ఖాతాలోనే ఉంచండి, చిట్టీలో కాదు.

ఏరేవాళ్ల కూలికి మరీ ఇబ్బందైతే బ్యాంకులో కొద్దిగా బంగారం పెట్టండి. అవతలి రైతుకు బయానా ఇవ్వలేదు కదా? ఇవ్వకండి.