సీఎస్‌వీ కోర్సులో చేర్చే ముందు మీ అమ్మాయితో ఒక ప్లాన్ రాయించండి

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ చివరి ఏడాదిలో ఉంది. కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్, అంటే సీఎస్‌వీ కోర్సులో చేరతానంటోంది. తనకు కోడింగ్ రాదు. ఫీజు కట్టమంటారా?
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: కోడింగ్ రాదని టెన్షన్ పడకండి. ఈ ఉద్యోగంలో ప్రోగ్రాములు రాసే పని దాదాపు ఉండదు. మందుల కంపెనీలో వాడే సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పనే చేస్తోందనీ, అందులోని డేటాను ఎవరూ గుట్టుగా మార్చలేరనీ కాగితం మీద రుజువు చూపించాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే పార్ట్ 11 పేరుతో ఎలక్ట్రానిక్ రికార్డులకు, సంతకాలకు నిబంధనలు పెట్టింది. యూరప్‌లో ఇలాంటి నిబంధనలే అనెక్స్ 11 పేరుతో ఉన్నాయి. మన దగ్గర 2023 చివర్లో సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీ ప్రమాణాలు) కూడా ఈ రుజువు అడుగుతోంది. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల నుంచి విదేశాలకు మందులు పంపే కంపెనీలకు ఇది తప్పనిసరి పని.

కోర్సుల్లో ఎక్కువగా ఐక్యూ, ఓక్యూ, పీక్యూ పత్రాలు (సిస్టమ్‌ను సరిగా అమర్చారా, సరిగా పనిచేస్తోందా, రోజువారీ వాడకంలో నిలుస్తోందా అని చూసే పరీక్షల పత్రాలు) నింపడం నేర్పుతారు. అవి రావాల్సిందే. కానీ నా దృష్టిలో అసలు ప్రతిభ అంతకు ముందు రాసే వ్యాలిడేషన్ ప్లాన్‌లో కనిపిస్తుంది. ల్యాబ్‌లో మందులో ఏ పదార్థం ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. బ్యాచ్ విడుదల చేయాలా వద్దా అన్నది దాని ఫలితాల మీద ఆధారపడుతుంది. కాబట్టి ప్లాన్ రాసే మనిషి ముందుగా ఇక్కడ ఏది తప్పితే రోగికి ప్రమాదమో ఆలోచించాలి. అనలిస్టుకు ఫలితాన్ని తొలగించే హక్కు ఉందా? కంప్యూటర్ గడియారాన్ని వెనక్కి తిప్పగలడా? గ్రాఫ్‌లోని పీక్‌ను మళ్లీ ఇంటిగ్రేట్ చేస్తే, అంటే దాని వైశాల్యాన్ని మళ్లీ లెక్కిస్తే, ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో ఆడిట్ ట్రయల్‌లో, అంటే మార్పుల చిట్టాలో, నమోదవుతుందా? బ్యాకప్ తీస్తున్నారు సరే, దాన్ని తిరిగి తెరిచి చూశారా? వీటిని లోతుగా పరీక్షించాలి. రిపోర్టు మీద లోగో ఎక్కడుందన్న దానికి అంత శ్రమ అక్కర్లేదు. ఈ రంగంలో వాడే గ్యాంప్ 5 మార్గదర్శకం 2022లో వచ్చిన రెండో ఎడిషన్‌లోనూ రిస్క్‌ను బట్టి పరీక్ష లోతు నిర్ణయించమనే చెబుతుంది. ఎవరు ఆమోదిస్తారు, ఏ ఫలితం వస్తే పాస్, పరీక్ష తప్పితే ఏం చేయాలి, తయారీదారు ఇచ్చిన పరీక్షల్లో వేటిని నమ్మవచ్చు అన్నవీ పని మొదలవక ముందే ప్లాన్‌లో ఉండాలి. ఫలితాలొచ్చాక ప్రమాణాలు రాసుకుంటే ఆడిటర్ ఎందుకు నమ్మాలి?

అందుకే ఫీజు ఇప్పుడే కట్టొద్దని నా సలహా. పార్ట్ 11, అనెక్స్ 11 ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పెద్దవి కూడా కావు. అమ్మాయిని రెండూ చదవమనండి. తర్వాత కాలేజీ ల్యాబ్‌లోని హెచ్‌పీఎల్‌సీకి, అది లేకపోతే లెక్కలు కట్టే ఒక ఎక్సెల్ షీట్‌కు, నాలుగైదు పేజీల ప్లాన్ సొంతంగా రాయమనండి. రాయడం నచ్చితే ఈ రంగం ఆమెకు సరిపోవచ్చు. విసుగొస్తే అదీ ముందే తెలియడం మంచిది, ఎందుకంటే రోజంతా పత్రాలతోనే పని.

మొదటి ఉద్యోగం నేరుగా సీఎస్‌వీలోనే రావాలని పట్టుబట్టకండి. క్వాలిటీ కంట్రోల్‌లోనో, క్వాలిటీ అష్యూరెన్స్‌లోనో (క్యూఏ) ఒకటి రెండేళ్లు చేస్తే ల్యాబ్‌లో సాఫ్ట్‌వేర్‌ను నిజంగా ఎలా వాడతారో తెలుస్తుంది. ఆ తర్వాత కోర్సు అవసరమనిపిస్తే చేరవచ్చు. అప్పుడు కూడా నిజమైన సిస్టమ్ మీద ప్రాక్టీసు ఇస్తారా అని ముందు అడగండి. ఉద్యోగం గ్యారంటీ అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి.