ఊరి జెండా, ఇంద్రధనుస్సు జెండా

ప్రశ్న: అమెరికాలో రెండు నగరాలు స్వలింగ ప్రియులు, ట్రాన్స్‌జెండర్లకు గుర్తుగా ఎగరవేసే ఇంద్రధనుస్సు జెండాను అధికారిక జెండాగా తీసుకున్నాయని చదివి మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. జెండా ఊరందరిదీ, ఒక వర్గానిది ఎలా అవుతుందని మావారు అంటారు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి మన ఊళ్లోనూ అలాగే చేయాలంటుంది. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఆ నగరాలు యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ, ఐడహో రాష్ట్రంలోని బోయిసీ. రెండు చోట్లా 2025 మే 6నే తీర్మానం జరిగింది. ప్రభుత్వ భవనాల మీద దేశ, రాష్ట్ర, నగర జెండాల వంటి కొన్ని తప్ప మరే జెండా ఎగరరాదని ఆ రాష్ట్రాలు అంతకు ముందే చట్టాలు చేశాయి. యూటాలోనైతే ఉల్లంఘనకు రోజుకు 500 డాలర్ల జరిమానా. ఎగరవేస్తూ వచ్చిన జెండాను దించవలసి రావడంతో, నగర జెండాకు చట్టంలో ఉన్న మినహాయింపును ఆసరా చేసుకొని, దానినే నగర జెండాగా తీర్మానించారు.

మీవారి అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. ఈ పాలకమండలి ఒక జెండా పెడితే, రేపటి మండలి మరో వర్గం జెండాతో దానిని మార్చవచ్చు. అందుకే నాకు సాల్ట్ లేక్ సిటీ పద్ధతి నచ్చింది. అక్కడ పాత జెండాను తీసివేయలేదు. 2020లో తెచ్చుకున్న నగర జెండా మూలన సెగో లిల్లీ అనే తెల్లని పువ్వు ఉంటుంది. ఆ పువ్వునే ఇంద్రధనుస్సు జెండా మీదా, ట్రాన్స్‌జెండర్ల జెండా మీదా, నల్లజాతివారు బానిసత్వం నుంచి విముక్తిని స్మరించుకునే జూన్‌టీన్త్ జెండా మీదా ఉంచి, మూడింటినీ పాతదానికి తోడుగా చేర్చుకున్నారు. వీళ్లు కూడా మా ఊరివాళ్లేనని ఊరే తన గుర్తు వేసి చెప్పింది కాబట్టి, అది ఒక వర్గం జెండాగా మిగిలిపోలేదు.

మన దగ్గర నగరపాలక సంస్థలు సొంత జెండా పెట్టుకునే ఆనవాయితీ లేదు. మీ అమ్మాయి కోరిక తప్పు కాదు గానీ, నా కళ్లు మాత్రం ముందు కౌంటరు వైపు పోతాయి. కొన్నేళ్ల కిందట ఒక కార్యాలయంలో నా ముందు వరుసలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ నిలబడి ఉంది. జరీ అంచు చీర, చేతిలో ప్లాస్టిక్ కవరులో కాగితాలు. గుమాస్తా ఆమె పాత మగ పేరును రెండుసార్లు గట్టిగా పిలిచాడు. వరుసంతా వెనక్కి తిరిగి చూసింది. ఆమె కవరును గుండెలకు అదుముకొని, మారు పలకక, మెట్లు దిగి వెళ్లిపోయింది. తమ లింగ గుర్తింపును తామే చెప్పుకునే హక్కు ట్రాన్స్‌జెండర్లకు ఉందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న చెప్పింది. ఆ తీర్పులేవీ ఆ రోజు ఆ కిటికీ దాకా రాలేదు. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకు పింఛను ఉంది. దానిని అడగడానికి కూడా అలాంటి కిటికీ దగ్గరే నిలబడాలి.

మీ అమ్మాయిని సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఒక అర్జీతో వెళ్లమనండి. ఎవరినైనా వారు ఇప్పుడు చెప్పుకుంటున్న పేరుతోనే పిలవాలని సిబ్బందికి ఆదేశాలివ్వమని అందులో మొదట రాయమనండి. జెండా మాట రెండో పేరాలో రాసినా నాకు సమ్మతమే. మీవారు కూడా మొదటి పేరా కింద సంతకం పెడతారని నా నమ్మకం.